కళ్ళజోడు కేసు

జంషెడ్‌పూర్, కద్మా
6 జనవరి 2025

పెదనాన్నకి కుసుమ నమస్కారాలు.

ఫోను చేస్తే మీకు వినిపించదు. పెద్దమ్మ చేత చెప్పిస్తే సగం ఆవిడ సొంత కవిత్వం కలుస్తుంది. అందుకని ఉత్తరమే రాస్తున్నాను. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపకండి. ఆదివారాలు తెలుగు సంఘం హాల్లో కూర్చోబెట్టి మీరు నేర్పిన తెలుగే ఇది, తప్పుంటే మాస్టారిదే.

సంగతేమిటంటే, నేను పనిచేసే ఆడవాళ్ళ సహాయ కేంద్రానికి గవర్నమెంటు ఒక పెద్ద పని అప్పగించింది. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడమనిషి ముందుగా వెళ్ళేది పోలీసు దగ్గరికో, ఆసుపత్రిలో నర్సు దగ్గరికో, అంగన్‌వాడీ అమ్మ దగ్గరికో కదా. ఆ మొదటి మనిషి ఏం అడగాలి, ఏం రాసుకోవాలి, ఏం అనకూడదు అన్నది నేర్పడానికి వాళ్ళందరికీ మూడేసి రోజుల శిక్షణ. గోల్‌మురిలో హాలు తీసుకున్నాం. నడిపించేది జయకుమారిగారు. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యారు, వాళ్ళ సొంతూరు భీమిలి. మాట మెత్తన, చూపు మాత్రం సూదే.

అందులో నా వంతు భాష. ఈ ఊళ్ళో సంతాలీ, హో, ఒడియా, బంగ్లా, భోజ్‌పురీ, మన తెలుగు, అన్నీ ఉన్నాయి. వచ్చినావిడది ఒక భాష, రాసుకునే దరోగాది, అదే ఎస్సైది, ఇంకో భాష. మధ్యలో మాట చేరవేసే మనిషి కావాలి. విజయనగరం వెళ్ళిపోకముందు ఈ ఊళ్ళో పాతికేళ్ళు ఆ పని చేసింది మీరు. తెలుగావిడ ఎవరైనా స్టేషనుకొస్తే జీపు మన గుమ్మం ముందు ఆగేది, మీరు చొక్కా మార్చుకుని వెళ్ళేవారు. కిటికీలోంచి చూస్తూ నేనూ పెద్దయ్యాక అలా జీపెక్కాలనుకునేదాన్ని.

మీ అనుభవాలు రాసి పంపండి. ఒక మంచి కథతో నా పాఠం మొదలుపెట్టాలని ఉంది.

కుసుమ

*

విజయనగరం
19 జనవరి

చిరంజీవి కుసుమకి పెదనాన్న నారాయణమూర్తి ఆశీస్సులు.

తప్పులు ఏడు. దిద్దాను, పంపడం లేదు.

పెద్దల మాట చద్దిమూట అన్న సంగతి గవర్నమెంటుకి ఇన్నాళ్ళకి తెలిసిందన్నమాట. సంతోషం. మిల్లులో డ్యూటీ, సంఘానికి కార్యదర్శి పదవి, ఈ దుబాసీ పని, మూడూ ఒక్క నెత్తిన మోశాను. పైసా పుచ్చుకోలేదు. కప్పు టీ మాత్రం తాగాను.

నీ పాఠానికి కళ్ళజోడు కేసును మించింది లేదు. చిన్నప్పుడు ప్రతి ఉగాదికీ విని దొర్లి దొర్లి నవ్వేదానివి. మళ్ళీ రాస్తున్నాను, సరిగ్గా చెప్పు.

2009 ఎండాకాలం. టెక్కలి వైపు నుంచి కాపురానికొచ్చిన పిల్ల, బర్మామైన్స్‌లో ఉండేది. హిందీ ముక్క రాదు. సోడాబుడ్డి అద్దాల మనిషి, అవి లేకపోతే ఎదురుగా ఉన్నది ఏనుగో ఎడ్లబండో తెలీదు. కళ్ళజోడు కోసం మొగుడితో తగవు పడి, పోలీసు స్టేషనుకని బయల్దేరి, ఖాకీ బట్ట కనపడగానే తిన్నగా రైల్వే పార్సెలాఫీసులో దూరింది. అక్కడి గుమాస్తా కాళ్ళ మీద పడి, దరోగా బాబూ కాపాడమని ఏడుపు. ఆయన బెంగాలీ. పాపం ఈవిడ పార్సెలు ఏదో పోయిందనుకుని గులాబీ రంగు ఫారం ఒకటి చేతికిచ్చి, బరువెంతో చెప్పమన్నాడు!

ఎవరో పుణ్యాత్ముడు ఆమెని పోలీసు స్టేషనుకి చేర్చాడు. జీపు నా కోసం వచ్చింది. గంటలో తేల్చేశాను. మొగుడు కొత్త కళ్ళజోడు కొనిపెడతానని ఒప్పుకున్నాడు, కాగితం రాశారు, నేనే దగ్గరుండి దుకాణానికి తీసుకెళ్ళాను. స్టేషనంతా నవ్వులే. దుబాసీ అన్నవాడు రెండు భాషలు తెలిస్తే చాలదు, వేడెక్కిన మాటని చల్లార్చి అందించాలి. ఇది నీ పాఠంలో మొదటి వాక్యంగా రాసుకో.

పెదనాన్న

*

జంషెడ్‌పూర్
10 ఫిబ్రవరి

పెదనాన్నకి,

మొదటి జట్టు అయిపోయింది. నలభై మంది వచ్చారు. మీ కథతోనే మొదలుపెట్టాను. గులాబీ ఫారం దగ్గరికి వచ్చేసరికి హాలు హాలంతా నవ్వింది. వెనక వరసలో కానిస్టేబుళ్ళయితే బల్లలు చరిచారు. నాకు గర్వంగా అనిపించింది, అబద్ధమెందుకు.

జయకుమారిగారు ఆ నవ్వు పూర్తయ్యే దాకా ఆగారు. తర్వాత ఒక్కటే అడిగారు.

“ఆ రోజు ఆవిడ కళ్ళజోడు ఎక్కడుందమ్మా?”

లేదేమో, విరిగిందేమో అన్నాను. సోడాబుడ్డి అద్దాలని నువ్వే అన్నావు, అంటే ఉన్నాయి, ఉన్నవాటిని ఇంట్లో వదిలేసి, చూపు ఆనని పిల్ల రైలు పట్టాలు దాటుకుని ఎందుకొస్తుంది అని అడిగారు. చివరికి వయసులో పెద్దాయన, ఒక ఎస్సై, ఎవరో తీసేసుకుని ఉంటారు మేడమ్ అని నెమ్మదిగా అన్నాడు.

ఆవిడ బోర్డు మీద రాశారు. కళ్ళజోడు, ఫోను, చెప్పులు, మందులు, ఆధార్ కార్డు. చెయ్యి ఎత్తకముందు మగవాడు లాక్కునేవి ఇవీ అని. చిన్న వస్తువు గురించి పెద్దగా ఏడుస్తూ వస్తే నవ్వొద్దు, ఆ వస్తువు ఎవరి దగ్గరుందో అడగండి అన్నారు. గొంతు మీద చెయ్యి వేశాడా అన్నది ప్రతి మనిషినీ విడిగా అడిగి తీరాలట. గొంతు పట్టుకున్నవాడు చంపే దాకా వెళ్ళే ప్రమాదం చాలా ఎక్కువట.

మధ్యాహ్నం ఒక ఆట ఆడించారు. ఒకరు సంతాలీలో చెప్పాలి, ఇంకొకరు హిందీలోకి మార్చాలి, మూడోవారు ఆ హిందీని మళ్ళీ సంతాలీలో చెప్పాలి. మొదట చెప్పినావిడ విని, ఇది నా కథ కాదంది. దెబ్బ ఎక్కడ తగిలిందో ఆ ముక్కే ప్రతిసారీ దారిలో పోతోంది. మార్చినవాళ్ళని అడిగితే, వినడానికి బాగోదని వదిలేశాం అన్నారు.

పెదనాన్నా, ఆ పిల్ల మీతో ఇంకేమైనా చెప్పిందా? మీకు గుర్తుండే ఉంటుంది.

కుసుమ

*

విజయనగరం
22 ఫిబ్రవరి

చిరంజీవి కుసుమకి,

జయకుమారిగారికి నా నమస్కారాలు. ఆవిడ అక్కడ లేరు, ఆ పిల్లని చూడలేదు, పదహారేళ్ళ తర్వాత బోర్డు ముందు నిలబడి నాడి పట్టుకున్నారు. గొప్ప వైద్యం.

ఆ రోజుల్లో స్టేషనంటే ఏమిటో నీకు తెలీదు. నలుగురు మగాళ్ళు, ఒక బల్ల, పైన తిరగని ఫ్యాను. అక్కడ మన ఇంటి ఆడపిల్ల ఏదంటే అది అనేస్తే ఊరంతా పాకుతుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. నేను కాపురాలు నిలబెట్టాను, కుసుమా. అవన్నీ ఇప్పుడు నేరాలైతే కానివ్వు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకాన్ని కాను.

ఇక్కడ చలి తగ్గింది. నీ ఉత్తరం పైకి చదివినప్పటి నుంచి మీ పెద్దమ్మ నాతో ఎక్కువ మాట్లాడటం లేదు. ఏమిటని నేనూ అడగలేదు.

పెదనాన్న

*

జంషెడ్‌పూర్
14 మార్చి

పెదనాన్నకి,

ఇది రాయడానికి ఆవిడ ఒప్పుకుంది. ఒప్పుకోకపోతే మీక్కూడా రాసేదాన్ని కాను.

మంగళవారం కేంద్రానికి ఒకావిడ వచ్చింది. పేరు ధనమ్మ. ముప్పై ఎనిమిదేళ్ళు. బర్మామైన్స్‌లో ఇడ్లీ, దోసె బండి నడుపుతుంది. హిందీ నాకంటే జోరుగా మాట్లాడుతుంది. సోడాబుడ్డి అద్దాలు.

భర్త పేరు అశోక్. ఇల్లు అత్తగారి పేరున ఉంది. దాన్ని అమ్మాలని, ఈవిడనీ పదో తరగతి చదివే కూతురు మైత్రినీ బయటికి పొమ్మంటున్నాడు. కిందటి ఏడు చెయ్యి విరగ్గొట్టాడు. ఇంట్లోంచి గెంటకూడదని, ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదని ఈవిడ కోర్టుకెళ్ళింది. అశోక్ తరఫు లాయరు అక్కడ ఒక పాత కాగితం తీశాడు. దాని నకలు ఇప్పుడు నా ముందుంది. హిందీలో మూడు వాక్యాలు. కళ్ళజోడు విషయమై చిన్న తగవు. ఎటువంటి కొట్లాటా జరగలేదని భార్య స్వయంగా చెప్పింది. భర్త కొత్తది కొనిస్తానన్నాడు. కింద ఆవిడ వేలిముద్ర, పక్కన ఇంగ్లీషులో మీ సంతకం.

ఆవిడకి సంతకం చెయ్యడం వచ్చు పెదనాన్నా. కళ్ళజోడు లేదు కనక ఎక్కడ పెట్టాలో కనపడక, వేలు పట్టుకుని వేయించారట.

చిన్నదానికీ పెద్దదానికీ స్టేషనుకి పరుగెత్తడం ఈవిడకి అలవాటు, అప్పుడే దెబ్బల్లేవని తనే చెప్పింది అంటాడు లాయరు. జడ్జిగారు అది నమ్మితే తల్లీకూతుళ్ళిద్దరూ రోడ్డు మీదే. జూన్ పదిహేడున వాయిదా.

కాగితం మీద సంతకం మా పెదనాన్నదని ఆవిడకి చెప్పాను. మీ మీద కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. ఇలా అంది:

“పదారేళ్ళు నాను పోలీసోళ్ళకి అంతా సెప్పినాననే అనుకున్నానమ్మా. ఇనీ ఒగ్గీసినారనుకున్నాను. మరింకెవులికి సెప్పినా ఇంతేనని మళ్ళీ ఎల్లలేదు. ఆళ్ళ సెవినే పడనేదని మొన్న లాయరు సదివినాకే తెలిసినాది.”

ఆ రోజు ఆవిడ ఏం చెప్పిందో, ఆవిడా భర్తా కాక తెలిసింది ఇప్పుడు మీ ఒక్కరికే. రాసి పంపుతారా?

కుసుమ

*

విజయనగరం
29 మార్చి

కుసుమకి,

నాకు డెబ్బై నాలుగు నిండాయి. పదహారేళ్ళ కిందటి మాటలు జ్ఞాపకం లేవు. జ్ఞాపకం లేనిదాన్ని కోర్టు కాగితం మీద పెట్టలేను.

రేపు ఉగాది. మామిడికాయ దొరికింది, వేపపువ్వు పక్కింటివాళ్ళిచ్చారు.

పెదనాన్న

*

జంషెడ్‌పూర్
12 ఏప్రిల్

పెదనాన్నకి,

మీ మీద కోపం లేదని రాస్తే అబద్ధం అవుతుంది. ఉంది. నా మీద కూడా ఉంది. నలభై మంది ముందు ఆవిడ ఏడుపుని నవ్వులాటగా చెప్పింది నేనే. వెళ్ళి బండి దగ్గర నిలబడి ఆ మాట ధనమ్మకి చెప్పాను. క్షమించమన్నాను. ఆవిడ దోసె తిరగేసి, తినేసి ఎల్లమ్మా అంది. అంతే అంది. డబ్బు తీసుకోలేదు. అది క్షమించడమో కాదో నాకు తెలియదు.

మిమ్మల్ని బలవంతపెట్టను. మా శిక్షణలో మొదటి రోజే చెప్తాం, ఎవరి నోటా మాట గుంజకూడదని. కానీ ఒక సంగతి రాయకుండా ఉండలేను. జనవరిలో మీరు రాసిన ఉత్తరం మళ్ళీ చదివాను. పార్సెలు గుమాస్తా బెంగాలీ అని మీకు గుర్తుంది. ఫారం గులాబీ రంగని గుర్తుంది. ఆవిడ ఊరు టెక్కలి వైపని గుర్తుంది.

ఇక ఈ విషయం మీద రాయను. పెద్దమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?

కుసుమ

*

విజయనగరం
27 ఏప్రిల్

చిరంజీవి కుసుమకి,

జ్ఞాపకం ఉంది. ఒక్క ముక్క పోలేదు. ఆమె మాటల్లోనే కింద రాస్తున్నాను. నోటరీ దగ్గర ఇదే రాయించి సంతకం పెట్టాను, అది వేరే కవర్లో వస్తుంది.

“నన్ను గుడ్డిదాన్ని సేసి కూకోబెట్టినాడు బాబూ. డూటీకెల్తా నా కళ్ళజోడు పెట్లో పెట్టి తాళం ఏసుకు పోతాడు. ఆడొచ్చిందాకా గోడలు తడుముకుంటన్నాను. నిన్న ఇమ్మని అడిగినానని కిందడేసి గొంతు మీద మోకాలెట్టినాడు. ఊపిరి ఆగిపోనాది. రేపు నాను సచ్చిపోతే, కళ్ళు కనబడక నూతిలో పడిపోనాదని మాయమ్మకి సెప్తాడు. అలగ కాదని రాయించండి బాబూ. అదొక్కటి రాయించండి.”

దరోగా నా వైపు చూసి, ఏమంటోందని అడిగాడు. కళ్ళజోడు కోసం తగవు సాబ్ అన్నాను. ఆయన ఫక్కున నవ్వాడు. పార్సెలాఫీసు సంగతి అప్పటికే వాళ్ళకి తెలుసు. మార్‌పీట్, అంటే కొట్లాట, ఏమైనా ఉందా అని అడిగాడు. లేదన్నాను.

ఎందుకన్నానో కూడా రాయాలి. మన పిల్ల గొంతు గురించి, మోకాలు గురించి ఆ మగాళ్ళ ముందు చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఇది నిజమే కానీ సగమే. అశోక్‌ని పనిలో పెట్టించింది నేను. కుర్రాడు బుద్ధిమంతుడని కాంట్రాక్టరుకి నేను మాటిచ్చి ఆరు నెలలు కాలేదు. కేసు రాస్తే ఆ కాంట్రాక్టరు ముఖం ఎలా చూడాలా అన్నది నాకు ముందు తోచింది. ఆమె మెడ తర్వాత తోచింది. నేను మాట్లాడుతుంటే ఆ పిల్ల నా ముఖం కేసే చూస్తూ తలూపుతోంది. తను చెప్పినదంతా నేను చెప్తున్నాననుకుంటోంది. ఆ తలూపడం తలచుకుంటే ఈ మధ్య అన్నం సయించడం లేదు.

వాళ్ళు నవ్వేసరికి నాకు గండం గడిచినట్టయింది. తాళం వేసిన పెట్టె మాట బయటికి రాకూడదనే కొత్త కళ్ళజోడు కొనిపించాను. ఆ నవ్వునే ఉగాదులకి పట్టుకొచ్చాను. చెప్పగా చెప్పగా అదే నిజమైంది. వేడిమాట చల్లార్చి అందించాలని నీకు రాశాను చూడు, అది కొట్టెయ్యి.

జూన్ పదిహేనుకి రైలు టిక్కెట్లు తీశాను. జడ్జిగారి ముందు నోటితో చెప్తాను. మీ శిక్షణలో ఈ ఉత్తరం చదివి వినిపించు. నా పేరు దాచవద్దు.

పెదనాన్న

కుసుమా, నేను పెద్దమ్మని. ఆయన రాసిన కింద రాస్తున్నాను. అద్దాలు తయారయ్యే దాకా ఆ పిల్లని ఆయన మధ్యాహ్నం మనింటికి తీసుకొచ్చారు. అన్నం పెట్టాను. ముద్ద మింగలేకపోయింది. మెడ చూశాను. నల్లగా కమిలిపోయి ఉంది. వెన్న రాశాను, ఏమీ అడగలేదు. అడిగితే పంపించలేనని భయమేసింది. తర్వాత ఉగాదులకి ఆయన ఆ కథ చెప్తుంటే పచ్చడి పంచుతూ నేనూ నవ్వాను. టిక్కెట్లు రెండు తీయించింది నేనే. నన్నూ అడగమని ధనమ్మ లాయరుకి చెప్పు. ఇంద్రాణి.

*

జంషెడ్‌పూర్
20 జులై

పెదనాన్నకి, పెద్దమ్మకి,

క్షేమంగా చేరామని మీరు రాసిన కార్డు అందింది. పెద్దమ్మ మర్చిపోయిన శాలువా నా దగ్గరే ఉంది.

జడ్జిగారి ఉత్తర్వు నిన్న చేతికొచ్చింది. కేసు తేలేదాకా ధనమ్మనీ మైత్రినీ ఆ ఇంట్లోంచి ఎవరూ కదపకూడదు, ఇల్లు అమ్మకూడదు, అశోక్ ఆ గుమ్మం తొక్కకూడదు. పాత కాగితాన్ని నమ్మడానికి లేదని, ఆ రోజు మాట మార్చి చెప్పిన దుబాసీయే వచ్చి ఒప్పుకున్నాడని అందులో రాశారు. కేసు ఇంకా చాలా ఉంది. అయినా మైత్రి తన పుస్తకాలు మళ్ళీ అలమరలో సర్దుకుంది.

కోర్టు అయిన మర్నాడు మీరు శిక్షణకొచ్చిన సంగతి జయకుమారిగారు ఇప్పటికీ తలుస్తున్నారు. ఆ రోజు నేను అడగాలని అడగలేకపోయింది ఒకటుంది. శిక్షణకొచ్చినవాళ్ళ ప్రశ్నలు మీకు వినపడవని, మీ మాట వినడానికొచ్చిన ధనమ్మ తనంతట తనే లేచొచ్చి మీ పక్కన కుర్చీ వేసుకుంది. ఒక్కో ప్రశ్న మీ మంచి చెవిలో తెలుగులో చెప్పింది. ఆఖర్న ఒక చిన్న వయసు ఎస్సై అమ్మాయి లేచి, ఆ కథ చెప్పి నవ్వించేటప్పుడు మీకు ఆవిడ మెడ గుర్తొచ్చేదా అని అడిగింది. నేను బోర్డు దగ్గర నిలబడి, ఈ ఒక్కటీ ధనమ్మ కాస్త మెత్తగా మారిస్తే బాగుండునని కోరుకున్నాను. అవును, నేనే, అందరికీ పాఠం చెప్పేదాన్ని.

అది చిన్న ప్రశ్న. ధనమ్మ మీ చెవిలో చెప్పింది చాలాసేపు ఉంది. దుబాసీ తగ్గించకూడదు, కలపకూడదు అని నా వెనక బోర్డు మీద రాసే ఉంది కదా. ఏం కలిపింది?

కుసుమ

*

విజయనగరం
2 ఆగస్టు

చిరంజీవి కుసుమకి,

తప్పులు రెండే. బాగుపడుతున్నావు.

ధనమ్మ ఏమీ కలపలేదు. ముందు ప్రశ్న చెప్పింది. మెడ అన్న మాట దగ్గర ఆగలేదు, గొంతు తగ్గించలేదు. అది నాకు ఎక్కడ తగులుతుందో తెలిసే చెప్పింది. తర్వాత, ఇది ఆయమ్మ అడిగింది కాదు, నా మాట అని విడగొట్టి మరీ చెప్పింది. నాకంటే మంచి దుబాసీ.

“ఆయమ్మ అడిగింది అడిగినట్టే సెప్పీసినాను బాబూ. మీకు కట్టంగుంటాదని తగ్గించనేదు. మీరూ అలగే సెప్పండి. ఈలందరూ రాసుకోడానికే కూకున్నారు.”

అప్పుడే నేను నోరు తెరిచాను. గుర్తొచ్చేది, ప్రతి ఉగాదికీ గుర్తొచ్చేది, అందుకే ఇంకాస్త గట్టిగా నవ్వించేవాణ్ణి అని చెప్పాను. హిందీలోనే చెప్పాను, నువ్వు విన్నావు.

చెప్పి ఆమె వైపు చూశాను. తలూపింది. ఈసారి తనకి హిందీ తెలుసు.

ఒక్కటే నాకు తెలియలేదు. నేను తల వంచుకుని ఉన్నాను, హాలు చూడలేదు. నువ్వు బోర్డు దగ్గర నిలబడి ఉన్నావు కనక చూసే ఉంటావు. వాళ్ళు రాసుకున్నారా?

పెదనాన్న